దొరకని కూత

కూత అని కొట్టి ఎంటర్ నొక్కింది. కమాండ్ దొరకలేదు, అంది నల్ల తెర. వేలు జారి ఉంటుంది, గొడుగు సరిగ్గా మడవకుండానే వచ్చి కూర్చుంది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి, అనుకుని అరచేతులు మోకాళ్ల మీద తుడుచుకుని, చంటిపిల్ల చేత అడుగులు వేయించినట్టు ఒక్కో అక్షరాన్నీ నెమ్మదిగా కొట్టింది. కమాండ్ దొరకలేదు. కిటికీ బయట పట్టపగలే దీపాలు పెట్టుకోవలసినంత మబ్బు. పక్కగదిలో ఆఫీసరు ఎగువ ఆనకట్టవాళ్లతో ఫోన్లో అరుస్తున్నాడు, అన్ని తలుపులూ ఎత్తేశారా, ఎవరినడిగి ఎత్తారు, అని. ఎవరినడుగుతారు, నీళ్లేమైనా అడిగి వస్తాయా. ఆ నీళ్లు అక్కడ బయలుదేరాయి. కొండ మలుపు తిరిగి, పాత వంతెన కింద ఒదిగి, గంటలోపే ఏటిగట్టు వీధికి చేరతాయి. ఆ వీధి పొడవునా స్తంభాల మీద సైరన్లున్నాయి, వాటన్నిటినీ ఒక్కసారిగా మోగించడానికి ఈ వరద హెచ్చరికల గదిలో ఉన్నది ఒకే ఒక్క మాట, కూత. అది కొడితే చెవిటివాడు కూడా దుప్పటి తీసి లేచి కూర్చుంటాడు అనేవాడు దాన్ని రాసిన మాస్టారు. ఆ వీధి చివరింట్లో, అందరికన్నా పల్లాన, ఈ వేళకి అక్క కుట్టుమిషన్ తొక్కుతూ ఉంటుంది.

అక్కకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫోన్ లోపల మంచం మీద ఉంటుంది, మిషన్ వసారాలో ఉంటుంది, అక్క నోట్లో దారం ముక్క ఉంటుంది, పాదం ఆడుతున్నంతసేపూ లోకం మునిగినా అక్కకి వినపడదు. లోకం మునిగినా. ఎంత మామూలుగా అనేస్తాం ఈ మాట, అనుకుంది, అనుకుని ఆ మాటను మనసులోనే ఉమ్మేసింది. మళ్లీ చేసింది. మళ్లీ మోగి ఆగిపోయింది. అక్క ఎత్తినా సరే, ఎత్తితే అక్క ఒక్కతే, ఆ వీధిలో ఉన్నవాళ్లందరికీ తను చెల్లెలు కాదు, తన దగ్గర వాళ్ల నంబర్లు లేవు, ఉన్నది కూత ఒక్కటే, అది దొరకలేదంటోంది. పక్కగదిలోంచి ఆఫీసరు గొంతు, "ఏమ్మా, మోగించావా?"

"మోగిస్తున్నాను సార్," అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు.

మట్టం అని కొట్టింది, ఏటి నీటి ఎత్తు చూపించే మాట అది, రోజూ పొద్దున్నే కొట్టేది. దొరకలేదు. ఉష్, అని కొట్టింది, మోగుతున్న సైరన్లని ఆపే మాట. దొరకలేదు. మాస్టారి మాటలన్నీ పోయాయి అనుకుని, సరే కనీసం ఈ ఫోల్డర్లో ఏమున్నాయో చూద్దామని, నేర్చుకున్న మొదటి రోజు నేర్చుకున్న మాట, ఉన్నవాటిని వరసగా చూపించే ఆ రెండక్షరాల మాట కొట్టింది. కమాండ్ దొరకలేదు. అప్పుడు భయం వేసింది. కూత లేకపోవడం ఒక రకం, ఇది మరో రకం. ఇంట్లో ఉప్పు లేకపోవడం వేరు, తలుపు తీసి చూస్తే వీధే లేకపోవడం వేరు. ఏమడిగినా అదే జవాబు, అదే తెల్లటి అక్షరాలు, కోపం లేదు, జాలి లేదు, అంత మర్యాదగా ఎవరైనా కాదంటే ఒళ్లు జలదరిస్తుంది. గేదె కళ్లలోకి చూసినట్టుంది ఆ మెరిసే గీతని చూస్తుంటే, అది చూస్తోందో లేదో తెలియదు.

వీడు మహా విధేయుడమ్మా, మహా మొద్దు కూడా, అనేవాడు మాస్టారు, నల్ల తెర వెనక ఉండి మాటలు అందుకునే ఈ షెల్ని చూపించి. నువ్వో మాట చెబితే దాన్ని పట్టుకుని బయలుదేరతాడు. ఎక్కడెక్కడ వెతకాలో వాడి దగ్గర ఓ వరస ఉంటుంది, ఈ గది, తర్వాత ఆ గది, తర్వాత ఆ పెరటి గది. ఆ వరసలో ఉన్న గదులే చూస్తాడు. పక్కగదిలో నువ్వడిగింది దీపం పెట్టుకుని కూర్చున్నా సరే, వరసలో లేకపోతే తలుపు కూడా తట్టడు. తిరిగొచ్చి దొరకలేదంటాడు. లేదు అనడు, చూశావా, దొరకలేదు అంటాడు. ఆ మాట విన్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది, ఎందుకంటే చిన్నప్పుడు తనూ అలాగే వెతికేది. దాగుడుమూతల్లో కళ్లు తెరిచి, తలుపు వెనక, మంచం కింద, దూలానికి ఆనించిన చాపల చాటున, అంతే, ఆ మూడూ చూసి అక్క దొరకలేదని చేతులు దులుపుకుని అన్నానికి కూర్చుంది. అక్క పెద్ద చెక్కపెట్టెలో ఉంది. పాత బట్టల మీద పడుకుని మూత వేసుకుంది, గొళ్లెం బయటినుంచి దానంతటదే పడింది. అమ్మ ఏదో అనుమానమొచ్చి మూత తీసేసరికి అక్క పెదాలు నీలంగా ఉన్నాయి. ముఖం మీద నీళ్లు కొట్టాక కళ్లు తెరిచి అక్క అన్న మొదటి మాట, "అది పట్టుకోలేదుగా, నేనే గెలిచా." అమ్మ ఏడుస్తూనే అక్కని రెండు బాదింది. అప్పుడు భయం తెలియలేదు కానీ ఆ పెట్టె లోపలి చీకటి ఆమెకి ఇప్పటికీ కలలోకి వస్తుంది, అందులో తను ఎన్నడూ పడుకోకపోయినా.

వరస. వరస పోయింది. ఆ ఆలోచన రాగానే చేతులు వాటంతటవే ముందుకు కదిలాయి. ఒక ఫోల్డర్లోంచి మరో ఫోల్డర్లోకి వెళ్లే మాట కొట్టింది, వెళ్లింది. చెప్పింది తిరిగి చెప్పే మాట, ఎకో, దానికి అక్క అని రెండక్షరాలిచ్చింది, తెర మీద అక్క అని పలికింది. అంటే కొన్ని ఉన్నాయి. ఎందుకున్నాయి? ఇవి షెల్ కడుపులో పుట్టినవి, వీటికోసం వాడు గడప దాటక్కర్లేదు. గడప దాటి తేవలసినవే దొరకడం లేదు, అంటే వెతకవలసిన గదుల, ఫోల్డర్ల, వరస చెడింది. ఎవరు చెడగొట్టారు? నిన్న సాయంత్రం వరకూ బాగానే ఉంది. ఆమె కుర్చీ తిప్పి చూసింది. అవతల బల్ల దగ్గర బావగారు గోళ్లు కొరుకుతూ వాన చూస్తున్నాడు. ఆఫీసులోకి కొత్తగా వచ్చిన ప్రతివాణ్నీ బావా అని పిలిచి పిలిచి, చివరికి ఆఫీసరుతో సహా అందరికీ తనే బావగారైపోయిన మనిషి.

"బావగారూ, నిన్న ఈ మిషన్లో ఏమన్నా ముట్టుకున్నారా?"

"నేనేం ముట్టుకుంటాను తల్లీ, ఊడ్చానంతే," అన్నాడు. "సారు చెప్పారు, ఇల్లు ఖాళీ చేసినవాడి మేకులు కూడా గోడకి ఉండకూడదని. మాస్టారి ఫోల్డర్ తీసేశాను. అందరి ఫైళ్లలోనూ ఓ పొడుగాటి లైను చివర ఆయన ఫోల్డర్ పేరు వేలాడుతోంది, అదీ కత్తిరించేశాను. శుభ్రం. మా ఆవిడ చూస్తే మురిసిపోయేది."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

మాస్టారు పోయి నెల దాటింది. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, కళ్లద్దాలు కూడా తియ్యకుండా. ఈ ఆఫీసులో ఎవరు వెళ్లిపోయినా, బదిలీ అయినా, పోయినా, వాళ్ల ఫోల్డర్ తుడిచేయడం పద్ధతి. తుడిచేటప్పుడు లోపలేముందో చూడకపోవడం కూడా పద్ధతే, ఒకరి సొంతం మరొకరు చూడకూడదని. మంచి పద్ధతే. కానీ మాస్టారు సొంతానికీ ఆఫీసుకీ మధ్య గోడ కట్టుకోలేదు. కూత, మట్టం, ఉష్, ఇంకా బోలెడు చిన్న చిన్న మాటలు, అన్నీ ఆయనే రాశాడు, రాసి అందరూ తిరిగే చోట పెట్టకుండా తన ఫోల్డర్లోనే పెట్టుకున్నాడు, నలుగురు తిరిగే చోట పెడితే నలుగురూ చెయ్యి పెడతారమ్మా, పోపులడబ్బా ఒకరి చేతిలోనే ఉండాలి, అనేవాడు. ప్రతివాడి వరస చివరా తన ఇంటి దారి కలిపాడు. అంతే, ఇక ఎవరూ ఆలోచించలేదు. కూత కొడితే మోగింది, ఎక్కణ్నుంచి వచ్చి మోగిందో అడిగినవాడు లేడు. ఊరంతటికీ నీళ్లు తోడుతున్న బావి ఒకడి పెరట్లో ఉందని, అతను పోయాక దాన్ని పూడ్చినప్పుడు గానీ తెలియలేదు. నెలరోజులుగా పోయినవాడి ఇంటికి వెళ్లి రోజూ మాటలు అరువు తెచ్చుకుంటున్నాం. ఆయన వేళ్లు ఆగిపోయాక కూడా ఆ మాటలు పలుకుతూనే ఉన్నాయి, నిన్న సాయంత్రం వరకూ.

బావగారు కత్తిరించిన లైను తెరిచింది. మాస్టారి ఫోల్డర్ పేరు ఒక్కటే తీయబోయి, పెరికిన మొక్కతో పాటు పాదంతా వచ్చేసినట్టు, ముందున్న గదుల పేర్లన్నీ తీసేశాడు. వరసలో ఏమీ లేదు. ఆమె గుర్తున్న గదుల పేర్లు ఒక్కొక్కటీ రాసి ఎంటర్ నొక్కింది. రెండక్షరాల మాట కొట్టింది. పేర్లు బిలబిలమంటూ తెర నిండా దిగాయి, గంప ఎత్తగానే కోడిపిల్లలు వచ్చినట్టు. ఊపిరి అందింది, కానీ కూత అందులో లేదు. డిస్కు మొత్తం వెతకమంది. ఆ వెతుకులాట సాగుతున్నంతసేపూ వాన కిటికీ మీద వేళ్లతో కొడుతూనే ఉంది. నీళ్లిప్పుడు కొండ మలుపు దగ్గర ఉంటాయి, మలుపులో నది మీదికి వంగిన చెట్లుంటాయి, కింది కొమ్మలు ఈపాటికి మునిగి ఉంటాయి, నీళ్లకి తొందరేం ఉండదు, అవి ఎవరినీ వెతకవు, దారి వాటికి తెలుసు. వెతుకులాట ఆగింది. ఏమీ దొరకలేదు. ఈసారి దొరకలేదంటే లేదనే.

"కాపీలు తీశారా బావగారూ? తుడిచే ముందు?"

"కాపీలు..." అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే ఆ వెటకారం లేదు. "కాపీలు కూడా మాస్టారి ఫోల్డర్లోనే ఉండేవి కదమ్మా."

అతని చేతివేలి గోరు దగ్గర రక్తం చుక్క కనిపించింది. ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయింది, ఎంతసేపో తెలియదు, కొద్దిసేపే అయి ఉంటుంది. భయంలో కళ్లు ఇలాంటి వాటినే పట్టుకుంటాయి. పక్కగదిలోంచి ఆఫీసరు వచ్చాడు, చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. "వీధికి పంపిన జీపు రైలుగేటు దగ్గర ఆగిపోయిందట. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లట. మనుషులు వెళ్లి చెప్పే దారి లేదమ్మా. ఇక నువ్వే." అని, ఇంకేదో అనబోయి, బావగారి ముఖం చూసి, ఏమీ అడక్కుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అడిగితే బాగుండేది. తిట్టినా బాగుండేది. పెద్దవాళ్లు తిట్టడం మానేసినప్పుడే అసలు భయం మొదలవుతుంది.

కూతకి ముందు ఏముండేది? అది పుట్టకముందు కూడా సైరన్లు మోగాయి కదా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకి ఎవరూ పని చెప్పలేదు, మాస్టారి వెనక ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి మర్చిపోయారు. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరు. ఆమె కూర్చుని చూసేది. ఇంట్లో అమ్మ పిండి కలుపుతుంటే చూసినట్టు, అక్క సూదిలో దారం ఎక్కిస్తుంటే చూసినట్టు, ఆయన చేతులు చూసేది. ఆయన రెండు వేళ్లతోనే కొట్టేవాడు, కుడి వేలు కోడిలా పొడిచేది, ఎడమ వేలు ఆలోచించి దిగేది. కొడుతూ గొణిగేవాడు. ముందు వేగం, తర్వాత గుమ్మం, తర్వాత మాట. ముందు వేగం, తర్వాత గుమ్మం. కళ్లు మూసుకుంది. గది మూలన బల్ల మీద ఆ బూడిదరంగు పెట్టె ఉంది, దాన్నుంచి తీగ పైకప్పు మీది కమ్మీకి పోతుంది, ఆ పెట్టె మాట వింటేనే స్తంభాలు అరుస్తాయి. దానితో మాట్లాడే వేగం ముందు చెప్పాలి, అది అర్థం చేసుకునే వేగంలో మాట్లాడకపోతే దానికి గోలే తప్ప మాట వినపడదు. కంప్యూటరు వెనక రెండు గుమ్మాలున్నాయి, ఏ గుమ్మంలోంచి పిలవాలో చెప్పాలి. తర్వాత మాట, మూడు పెద్దక్షరాలు, పక్కన వీధి గుర్తు, చివర ఒకటి. ఆపడానికైతే చివర సున్నా. ఆ మూడక్షరాలేమిటి? కుడి వేలు, కుడి వేలు, ఎడమ వేలు. ఆయన చూపుడువేలి మీద పాత కాలిన మచ్చ ఉండేది, ఆ మచ్చ కీబోర్డు మీద ఎక్కడ దిగిందో చూసింది మనసులో. పై వరస కుడివైపు. మళ్లీ అక్కడే, పక్కది. తర్వాత ఎడమ వేలు, ఒక్క క్షణం ఆగి, కింది వరస.

వేగం చెప్పింది. ఎకోకి ఆ మాట ఇచ్చి, మొదటి గుమ్మంలోకి తోసింది. తెర ఏమీ అనలేదు. కొత్త లైను మీద గీత మెరుస్తూ నిలబడింది. ఈ షెల్ తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది, పని జరిగితే కిక్కురుమనదు. అందుకని మౌనం మంచిదే అనుకోవాలి. కానీ ఖాళీ గుమ్మంలోకి పిలిచినా అది ఇలాగే మౌనంగా ఉంటుంది, విననివాడి మౌనమూ ఒప్పుకున్నవాడి మౌనమూ తెర మీద ఒకేలా ఉంటాయి. మూలన పెట్టె వైపు చూసింది. దాని ముఖం మీద చిన్న దీపం, మాట వింటే ఎర్రగా వెలగాలి. వెలగలేదు. రెండో గుమ్మానికి వేగం చెప్పింది. అదే మాట అటు తోసింది. తెర ఏమీ అనలేదు. దీపం వెలిగింది.

ఆఫీసరు, "మోగిందా?" అన్నాడు, గుసగుసగా, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు.

"ఏమో సార్. ఇక్కడికి వినపడదు."

ముగ్గురూ చెవులు రిక్కించారు. వాన తప్ప ఏమీ లేదు. ఆ ఎర్ర దీపాన్ని చూస్తూ, అది కన్నార్పకుండా తమనే చూస్తున్నట్టుంటే, ఆమె అనుకుంది, మాట పెట్టెకి చేరింది, పెట్టెనుంచి కమ్మీకి చేరింది, కమ్మీనుంచి గాల్లోకి పోయింది, ఇంత వానలో గాల్లో మాట ఎక్కడ తడిసి పడిపోతుందో ఎవరికి తెలుసు. అప్పుడు బల్ల మీద ఫోన్ వణికింది. అక్క.

"ఏంటే, అన్నిసార్లు చేశావు? మిషన్ మీదున్నా."

అక్క గొంతు వెనక ఉంది. పొడవుగా, ఎత్తుగా, ఏడుస్తున్నట్టు. మోగుతోంది. "అక్కా, మోగుతోంది," అంది, చిన్నపిల్లలా.

"మోగక? చెవులు చిల్లులు పడుతున్నాయి. నెలనెలా పరీక్ష పేరు చెప్పి మీకిదో వేడుక. ఇప్పుడే పిల్ల నిద్రపోయింది, లేపేశారు. మీవాళ్లకి చెప్పి కాస్త ఆపించవే, నీకు పుణ్యముంటుంది. ఇదిగో, ఎదురింటి వదిన కూడా కిటికీ మూసేసుకుంటోంది."

నెలనెలా. నెలనెలా మోగించి, బాగానే పనిచేస్తోందని రాసుకుని, ఆపేశారు. నెలనెలా ఆ వీధి విని, విసుక్కుని, కిటికీ వేసుకుంది. మోగితే కిటికీ వేసుకోవాలని తామే నేర్పారు, ఎంత ఓపిగ్గా నేర్పారు. ఇప్పుడు వీధంతా ఒక్కొక్క కిటికీ మూసుకుంటోంది.

"పరీక్ష కాదక్కా! నీళ్లొస్తున్నాయి, ఆనకట్ట తలుపులన్నీ ఎత్తేశారు! పిల్లని తీసుకుని బడి మేడ మీదికి పో, గట్టు వైపు వెళ్లకు, అందరికీ చెప్పు, ఇప్పుడే పో!"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. బావగారు లేచి నిలబడ్డాడు. "అరుస్తున్నావేంటే," అంది అక్క నెమ్మదిగా, "నువ్వు అరవడం నేనెప్పుడూ..." అని, వెంటనే, "నేను చెబితే ఎవరు నమ్ముతారే? తలుపు తడితే తిడతారు. అందరూ ఆగిపోతుందిలే అని కూర్చున్నారు."

ఆగిపోతుందిలే అని. పరీక్ష రోజు ఒక్కసారి మోగుతుంది, ఒక్కసారి ఆగుతుంది, అంతే. ఆమె ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చివరి ఒకటిని చెరిపి సున్నా కొట్టింది. ఫోన్లో ఏడుపు తెగింది. "అదిగో, ఆగింది," అంది అక్క. సున్నా చెరిపి ఒకటి కొట్టింది. మళ్లీ లేచింది. సున్నా. ఒకటి. సున్నా. కుక్క తోక తొక్కినట్టు, ఊపిరాడనివాడు అరిచినట్టు, తెగుతూ లేస్తూ. "ఇదేంటి," అంది అక్క గొంతు మారి, "ఇలా ఎప్పుడూ మోగలేదే." అవతల ఒక కిటికీ రెక్క తెరుచుకున్న చప్పుడు, ఎవరో ఆడమనిషి, "ఏమైందే?" అని. అక్క అరిచింది, "వదినా, పిల్లల్నెత్తుకో, నీళ్లు! పైకి, బడి వైపు!" తర్వాత ఫోన్ దేనిమీదో దబ్బున పడింది, చెక్క చప్పుడు, మిషన్ బల్ల మీద పెట్టేసి ఉంటుంది. పిల్ల ఏడుపు దగ్గరగా వచ్చి దూరమైంది. ఒకటి. సున్నా. తలుపులు, ఒకటి తర్వాత ఒకటి, వీధి పొడవునా. పాదాలు, తడి నేల మీద బోలెడు పాదాలు. ఎవరో ముసలాయన, "నా కర్రేదీ," అంటే, "కర్ర ఎందుకు తాతా, నా వీపెక్కు," అని మరెవరో. గొంతులు పలచబడ్డాయి. అక్క ఇల్లు ఖాళీ అయింది. ఖాళీ ఇంటికి కూడా ఒక చప్పుడుంటుంది, గోడలు ఊపిరి పీల్చుకుంటున్నట్టు, ఆమె దాన్ని వింటూ సున్నా కొట్టింది.

ఆ నిశ్శబ్దంలో, ఫోన్ లోపల, ఒక గిన్నె గోడకి తగిలింది. అక్క నేల మీద పెట్టుకునే గిన్నె, చిన్నగా, ఎవరో వేలితో నెట్టినట్టు. కాసేపటికి తేలుతూ పోయి ఎదుటి గోడకి తగిలింది. బడి మెట్లు ఎన్ని ఎక్కి ఉంటారో, ముసలాయన్ని మోస్తున్నవాడు మలుపు తిరిగాడో లేదో, ఆ ఇంట్లోంచి ఎవరూ చెప్పరు. ఇంకాసేపు వింటే నీళ్లెంత ఎత్తుకి వచ్చాయో ఆ గిన్నే చెప్పేది. ఆమె సున్నా చెరిపేసి, ఒకటి కొట్టి, ఈసారి ఆపకుండా మోగనిచ్చింది.